జనవరి ఒకటిన మొదలైన భక్తి ఫిబ్రవరిలోనూ నిలవాలంటే ఏం చేయాలి?

డిసెంబరు వచ్చిందంటే విజయనగరం, చీపురుపల్లి, రాజాం, పాలకొండ, ఎటు వెళ్లినా విశ్వాసులు అడిగే ప్రశ్న ఒకటే. “ముప్పై ఒకటో తారీఖు రాత్రి కన్నీళ్లతో ప్రార్థన చేస్తాం. ఈ ఏడాది రోజూ బైబిలు చదువుతామని తీర్మానం చేసుకుంటాం. సంక్రాంతి దాటేసరికి మళ్లీ మామూలే. ఎందుకిలా అవుతోంది?” పాతికేళ్లుగా గుడికి వస్తున్న పెద్దవాళ్లూ అడుగుతారు, మొన్నీమధ్య బాప్తిస్మం తీసుకున్న కుర్రాళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

నేను చూసినంతలో కారణం ఇది. పాత లెక్క తేల్చుకోకుండా కొత్త తీర్మానం చేసుకుంటున్నాం. ఎవరితో మాటలు లేవో వాళ్లతో అలాగే ఉంటాం, ఎవరికి ఇవ్వాలో వాళ్లకి ఇవ్వం, ఏ పాపం మానలేదో దాని పేరెత్తం. వీటన్నిటినీ పక్కన పెట్టి రోజుకి గంటసేపు ప్రార్థన చేస్తామని మాట ఇచ్చేస్తాం. అందుకే ఈ పద్ధతిలో తీర్మానం చివర వస్తుంది, సర్దుబాటు ముందు వస్తుంది.

కావలసినవి

- మీరు రోజూ వాడే బైబిలు. కొత్తది కొనక్కర్లేదు. అక్షరాలు ఆనకపోతే మాత్రం పెద్దక్షరాల బైబిలు తీసుకోండి, లేదా ఫోన్‌లో వినే బైబిలు పెట్టుకోండి.
- ఒక రూళ్ల నోట్‌బుక్కు, పెన్ను. ఫోన్‌లో రాసుకుంటే మళ్లీ తెరిచి చూడటం తక్కువ, అందుకే కాగితం మంచిది.
- గోడ క్యాలెండరు, బైబిలు చదివిన రోజుకి టిక్కు పెట్టడానికి.
- డిసెంబరు ఆఖరి వారంలో మూడు నాలుగు సాయంత్రాలు, ఒక్కోటి అరగంట.
- మిమ్మల్ని మొహమాటం లేకుండా అడగగలిగే మనిషి ఒకరు.

ఇది చదివేసరికి జనవరి వచ్చేసినా, సగం అయిపోయినా కంగారు పడకండి. దేవుని వాత్సల్యం అనుదినం కొత్తగా పుడుతుందని విలాపవాక్యములు 3వ అధ్యాయం చెబుతోంది, దానికి తారీఖు లేదు. 4, 5 మెట్లలో మీకు మిగిలింది తీసుకుని మిగతావి ఈ రోజే మొదలుపెట్టండి.

1. గడిచిన ఏడాది లెక్క రాయండి

హగ్గయి ప్రవక్త మొదటి అధ్యాయంలో దేవుడు ప్రజలకు చెప్పిన మాట, మీ ప్రవర్తనను గూర్చి ఆలోచించుకొనుడి అని. ఆ అధ్యాయం పదిహేను వచనాలే. ముందు అది చదివి, తర్వాత నోట్‌బుక్కు తెరవండి. పేజీని నాలుగు గళ్లుగా చేసుకోండి: దేవుడు చేసిన మేలు, నేను చేసిన తప్పు, నేను ఇవ్వాల్సినది, నేను వదిలేసినది. నిండిన పేజీ ఇలా ఉంటుంది:

మేలు: నాన్నకి ఆపరేషన్ అయింది, నడుచుకుంటూ ఇంటికొచ్చారు.
తప్పు: పిల్లల ముందు అత్తయ్య మీద అరిచాను. రెండుసార్లు.
ఇవ్వాల్సినది: పక్కింటి అక్కకి రెండు వేలు, ఆగస్టు నుంచి.
వదిలేసినది: సండే స్కూల్లో పాఠం చెప్పడం.

చూశారుగా, ఒక్కోటీ ఒక ముక్క. “నేను పాపిని, అయోగ్యుణ్ణి” అని రాస్తే అది నిజమే గానీ దానితో రేపు చేయడానికి పనేమీ దొరకదు. “అత్తయ్య మీద అరిచాను” అని రాస్తే రేపు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు, రెండో గడిలో ఇంట్లో వాళ్ల తప్పులు రాయడం. “మా ఆయన ప్రార్థనకి రానివ్వలేదు కాబట్టి నేను చల్లారిపోయాను” లాంటి వాక్యం వచ్చిందంటే కొట్టేయండి. ఆయన సంగతి దేవుడు చూసుకుంటాడు, ఈ పేజీ మీది. మేలు గడి ఖాళీగా ఉంటే కూడా పేజీ పూర్తయినట్టు కాదు. ఏడాదంతా కష్టాలే అనిపించినా ఒక సాయంత్రం ఆగి, ఇంట్లో వాళ్లని అడిగి మరీ రాయండి. 103వ కీర్తన దగ్గర పెట్టుకుంటే గుర్తొస్తాయి.

చదువు రానివాళ్లు ఇదంతా మనవడితోనో మనవరాలితోనో రాయించుకోకండి. పిల్లలకి తెలియకూడని సంగతులు ఉంటాయి. నాలుగు గళ్లకి నాలుగు వేళ్లు పెట్టుకుని, నోటితో దేవుడికి చెప్పుకోండి చాలు.

2. పేరు పెట్టి ఒప్పుకోండి

51వ కీర్తన మెల్లగా, పైకి వినిపించేలా చదవండి. తర్వాత రెండో గడిలో ఉన్నవి ఒక్కొక్కటే దేవుని ముందు చెప్పండి. మౌనంగా దాచుకున్నప్పుడు నా ఎముకలు క్షీణించాయి అని దావీదు 32వ కీర్తనలో అన్నాడు, ఆ బరువు మనలో చాలామందికి తెలిసిందే. కథోలిక విశ్వాసులైతే పండుగ రద్దీ తగ్గిన రోజు చూసుకుని ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేయండి. క్రిస్మస్ ముందు రోజు పొడుగు వరుసలో నిలబడి హడావిడిగా చెప్పేదానికన్నా ఆ తర్వాతి వారంలో తీరిగ్గా చెప్పుకోవడం నయం.

ఒక హెచ్చరిక. సాక్ష్యం పేరుతో సంఘమంతటి ముందు నిలబడి, ఇంకో మనిషికి సంబంధించిన రహస్యం బయటపెట్టకండి. మీ పాపం చెప్పుకోవడానికి మీకు హక్కుంది, మీ చెల్లి కాపురం గురించి చెప్పడానికి లేదు. తాగుడు, పేకాట, ఫోన్‌లో చూడకూడనివి చూడటం లాంటి వదలని అలవాటు అయితే సభలో చెప్పడం కంటే మీరు నమ్మే ఒక్క పెద్దమనిషికి చెప్పి సాయం అడగండి. తాగుడు ఏళ్ల తరబడి ఉన్నదైతే డాక్టరు దగ్గరికి కూడా వెళ్లాలి. ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మందు వేసుకుంటే విశ్వాసం తక్కువైనట్టు కాదు.

3. మాటలు లేనివాళ్లతో మాట కలపండి

అన్నిటికంటే కష్టమైనది ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. బలిపీఠం దగ్గర కానుక పెడుతుండగా నీ మీద నీ సహోదరునికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడు అని ప్రభువు మత్తయి 5వ అధ్యాయంలో చెప్పాడు. ముప్పై ఒకటో తారీఖు రాత్రి కానుక కవరు పట్టుకుని బయల్దేరే ముందే ఈ పని అయిపోవాలి.

మన పల్లెల్లో గొడవలు ఎక్కడొస్తాయో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పొలం గట్టు జరపడం, చీటీ పాడుకుని డబ్బు కట్టకపోవడం, అమ్మానాన్నలు పోయాక ఇల్లు పంచుకోవడం, పెళ్లికి పిలవకపోవడం. సంఘంలో అయితే కమిటీ పదవులు, పాటల బృందంలో మైకు, గుడి కట్టినప్పటి లెక్కలు. ఒకే బెంచీ మీద అటు చివరా ఇటు చివరా కూర్చుని, ఒకే రొట్టె తింటూ ఏళ్లు గడిపేసినవాళ్లున్నారు.

ఎలా చేయాలంటే: నాలుగు గళ్ల పేజీ నుంచి ఒక్క పేరు తీసుకోండి. అందరినీ ఒకేసారి కాదు. మనిషి ఊళ్లో ఉంటే ఇంటికి వెళ్లండి, పొద్దున్నో సాయంత్రమో, పనిలో ఉన్నప్పుడు కాదు. దూరంగా ఉంటే ఫోన్ చేయండి. వాట్సాప్‌లో రాయకండి, అది పదిమందికి స్క్రీన్‌షాట్‌గా వెళ్తుంది. చెప్పాల్సిన మాట ముందే అనుకోండి, పొట్టిగా:

“అన్నయ్యా, గట్టు గొడవలో ఊరందరి ముందు నిన్ను అనరాని మాట అన్నాను. అది నా తప్పే. క్షమించు.”

అక్కడ ఆపండి. “నువ్వు కూడా అన్నావు కదా” అనే ముక్క నోటిదాకా వస్తుంది. దాన్ని మింగేయాలి. “నిన్ను నొప్పించి ఉంటే క్షమించు” అనడం కూడా వద్దు, నొప్పించారనే కదా వెళ్లింది. గట్టు ఎవరిదనే సంగతి ఆ రోజు మాట్లాడకండి. కొలతలు, కాగితాలు ఇంకో రోజు, పెద్దల సమక్షంలో. క్షమాపణ చెప్పినంత మాత్రాన మీ వాటా వదులుకున్నట్టు కాదు.

అవతలివాళ్లు తలుపు వేసేస్తే? ముఖం తిప్పుకుంటే? మీ వంతు అయిపోయింది. శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు సమస్త మనుష్యులతో సమాధానంగా ఉండండి అని రోమీయులకు 12వ అధ్యాయంలో ఉంది, “మీ చేతనైనంత మట్టుకు” అన్న మాట గమనించండి. మూడు నెలలాగి ఇంకోసారి పలకరించండి. మధ్యలో ఊరంతా “నేను వెళ్లాను, వాడే రాలేదు” అని చెప్పుకోకండి, వెళ్లిన మేలు పోతుంది.

డబ్బు సంగతి. పన్నులు వసూలు చేసే జక్కయ్య ప్రభువుని ఇంట్లో చేర్చుకున్న రోజే, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మనకి నాలుగింతలు కుదరకపోవచ్చు. పక్కింటి అక్కకి రెండు వేలు ఒక్కసారే ఇవ్వలేకపోతే, వెళ్లి “అక్కా, మర్చిపోలేదు. నెలకి ఐదొందల చొప్పున ఇస్తాను, ఇదిగో మొదటిది” అని చేతిలో పెట్టండి. అడగకముందే ఇచ్చిన ఐదొందలు ఆమెకి మీ సాక్ష్యం కంటే గట్టిగా వినిపిస్తాయి.

ఒక మినహాయింపు తప్పకుండా చెప్పాలి. మిమ్మల్ని కొట్టినవాళ్లు, ఒంటి మీద చేయి వేసినవాళ్లు, పిల్లల్ని పాడు చేసినవాళ్లు ఉంటే, వాళ్లింటికి ఒంటరిగా వెళ్లి సమాధానపడమని ఎవరు చెప్పినా వినకండి. మనసులో పగ దేవునికి అప్పగించడం వేరు, ప్రమాదం ఉన్న ఇంట్లోకి మళ్లీ అడుగుపెట్టడం వేరు. ఆ విషయంలో మహిళా హెల్ప్‌లైన్ 181కి, పిల్లల విషయమైతే 1098కి ఫోన్ చేయడం విశ్వాసానికి విరుద్ధం కాదు.

వలస వెళ్లినవాళ్లు సంక్రాంతికి ఊరొస్తారు. హైదరాబాదు, చెన్నై, విశాఖ నుంచి అన్నదమ్ములంతా ఒకే ఇంట్లో ఉండే నాలుగు రోజులు అవే. డిసెంబరులో కుదరని మాట భోగి ముందురోజు కుదరవచ్చు. ఎవరితో మాట్లాడాలో ఆ పేరు క్యాలెండరులో ఆ తేదీ మీద ఇప్పుడే రాసుకోండి.

4. ముప్పై ఒకటి రాత్రి ఆరాధనకి సిద్ధపడండి

మధ్యాహ్నం గంటో రెండు గంటలో పడుకోండి. రాత్రి ఎనిమిదిలోపు తేలిగ్గా తినండి. ఆ నెలలో ఇంకా కుప్ప నూర్పుల పని ఉంటుంది, పొద్దంతా కళ్లంలో ఉండి రాత్రి మందిరంలో కూర్చుంటే వాక్యం మొదలవగానే నిద్రపోతారు. అందులో తప్పేం లేదు గానీ, సగం రోజు పని తగ్గించుకోగలిగితే తగ్గించుకోండి.

బండి మీద వెళ్లేవాళ్లకి: తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది, మంచు దట్టంగా పడుతుంది, ఆ రాత్రి తాగి బండి నడిపేవాళ్లు రోడ్డు మీద ఎక్కువ. జాతీయ రహదారి దాటాల్సిన ఊళ్లవాళ్లు ముగ్గురేసి, నలుగురేసి ఒకే బండి ఎక్కకండి. హెల్మెట్ పెట్టుకోండి. నలుగురు కలిసి ఆటో మాట్లాడుకోవడం, లేదా తెల్లారేదాకా మందిరంలోనే ఉండిపోవడం మంచిది. చిన్నపిల్లల తల్లులూ పెద్దవాళ్లూ రాలేకపోతే దోషమేమీ లేదు. ఇంట్లో పదింటికి కుటుంబంతో ప్రార్థన చేసుకుని పడుకుని, జనవరి ఒకటి ఉదయం ఆరాధనకి హాజరైతే సరిపోతుంది. కథోలికులకి ఆ రోజు దేవమాత పండుగ కాబట్టి పూజ ఎలాగూ ఉంటుంది.

పన్నెండు కొట్టేటప్పుడు ఫోన్ జేబులో ఉండాలి. శుభాకాంక్షలు తెల్లారి పంపుకోవచ్చు. ఆ నిమిషంలో మోకాళ్ల మీద ఉండి, ఒకటో మెట్టులో రాసిన మేలులు ఒక్కొక్కటే చెప్పుకోండి.

5. వాగ్దాన వాక్యం తీసుకున్నాక అధ్యాయం మొత్తం చదవండి

మన సంఘాల్లో చాలాచోట్ల ఆ రాత్రి ఒక్కొక్కరూ ఒక బైబిలు వచనం అచ్చు వేసిన కార్డు తీస్తారు, ఆ ఏడాదికి వాగ్దానంగా. ఆ వాక్యం ఫ్రేము కట్టి గోడకి పెట్టుకుంటాం, స్టేటస్ పెట్టుకుంటాం. మంచిదే. కానీ కార్డులో ఉన్నది ఒక్క వచనం, అది ఒక అధ్యాయంలోంచి వచ్చింది. అందులో ఎవరు ఎవరితో, ఏ పరిస్థితిలో అన్నారో చూడకపోతే దేవుడు అననిది అన్నట్టు అనుకుంటాం.

యిర్మీయా 29:11 చాలామందికి వస్తుంది, సమాధానకరమైన ఉద్దేశాలు, నిరీక్షణ గురించిన మాట. దాని ముందు వచనం చూడండి. బబులోనులో డెబ్బై సంవత్సరాలు గడిచాక అని ఉంటుంది. ఆ పైన, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంటుంది. చెరలో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరం అది. ఏప్రిల్లోపు ఉద్యోగం వస్తుందని కాదు, మనది కాని చోట కూడా దేవుడు మనల్ని మర్చిపోడని. గల్ఫ్‌లో కొడుకున్న తల్లికి ఇది ఇంకా పెద్ద ఆదరణ.

ద్వితీయోపదేశకాండము 28:13 ఇంకొకటి, తలగా నియమిస్తాడు గాని తోకగా కాదు అని. అదే వచనంలో ఆజ్ఞలను గైకొనాలన్న షరతు ఉంది, కార్డు మీద సగమే అచ్చు వేస్తుంటారు.

పరీక్ష ఇలా: మీ వాక్యం ఉన్న అధ్యాయం జనవరి మొదటి వారంలో మూడుసార్లు చదవండి. నోట్‌బుక్కులో రెండు వాక్యాలు రాయండి, ఇది ఎవరితో అన్న మాట, ఇందులో నేను చేయాల్సింది ఏమిటి. రెండోదానికి జవాబు దొరకకపోతే ఇంకోసారి చదవండి, లేదా పాస్టర్ గారిని అడగండి. మీ కార్డులో వచ్చింది నచ్చలేదని ఇంకో కార్డు తీయకండి. ఈ ఏడాదంతా ఆశీర్వాదం కోసం ఇంత కానుక పంపండి అని ఎవరైనా ఫోన్‌లోనో టీవీలోనో అంటే దూరంగా ఉండండి. అప్పు చేసి కానుక ఇవ్వకండి.

6. చదివే లెక్క మీ ఇంటికి సరిపోయేది పెట్టుకోండి

ప్రొటెస్టెంటు బైబిల్లో 66 గ్రంథాలు, 1,189 అధ్యాయాలు. ఏడాదిలో పూర్తి చేయాలంటే మామూలు రోజు మూడు, ఆదివారం ఐదు చదవాలి. ఇది బాగా చదివే అలవాటున్నవాళ్లకి. మిగతావాళ్లు దీనితో మొదలుపెట్టకండి. ఆదికాండం కథలు హాయిగా సాగుతాయి, నిర్గమకాండం సగం దాటాక ప్రత్యక్ష గుడారం కొలతలు వస్తాయి, జనవరి ఆఖరుకి లేవీయకాండం. సరిగ్గా అక్కడే పుస్తకం మూతపడుతుంది.

కొత్త నిబంధన ఒక్కటే చదవాలంటే 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకి ఒకటి చొప్పున 52 వారాలకి సరిగ్గా సరిపోతుంది. శని, ఆదివారాలు ఖాళీ, వెనకబడితే అప్పుడు అందుకోవచ్చు. నన్నడిగితే ఎక్కువ ఇళ్లకి ఇదే సరైనది. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, పదహారు అధ్యాయాలే, జనవరి మూడో వారం దాటేసరికి ఒక సువార్త పూర్తిగా చదివిన ధైర్యం వస్తుంది.

అదీ కష్టమైతే జనవరిలో సామెతలు. ముప్పై ఒక్క అధ్యాయాలు, ముప్పై ఒక్క రోజులు. ఏ తారీఖుకి ఆ అధ్యాయం. ఒక రోజు తప్పిపోతే మర్నాటి తారీఖుదే చదువుతారు, బాకీ ఉండదు.

భాష కష్టంగా ఉందని చాలామంది అంటారు. పాత అనువాదంలో క్రియలు గ్రాంథికంలో ఉంటాయి, నిజమే. పిల్లలకి వ్యవహారిక భాషలో ఉన్న అనువాదం ఇవ్వండి, సంఘంలో వాడేది పక్కన పెట్టుకోండి. తెలుగులో మొదట అచ్చయిన సువార్తల అనువాదం మన తీరంలోనే జరిగింది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్. ఆనందరాయరు అనే విశ్వాసి సాయంతో డెగ్రాంజెస్ చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అప్పటికే ఆ మిషనరీలిద్దరూ చనిపోయారు. మన చేతుల్లో ఉన్న పుస్తకం అంత ఖరీదైనది, అల్మారాలో ఉంచకండి.

చదువు రానివాళ్లు, చేతిలో పని ఉన్నవాళ్లు వినండి. పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లే ఒక అక్క, పిక్క నూనె అంటి వేళ్లు నల్లబడి పొరలు ఊడుతుంటే బైబిలు పేజీలు మాసిపోతాయని ముట్టుకోదు. కొడుకు ఫోన్‌లో పెట్టి ఇచ్చిన ఆడియో పొద్దున్న వంట చేస్తూ వింటుంది. ఒక అధ్యాయం రెండుసార్లు. సాయంత్రం అందులో ఏం విన్నావని అడిగితే పేర్లతో సహా చెబుతుంది. చదివినవాళ్లం చాలామందిమి చెప్పలేం.

7. ప్రార్థనకి చోటు, వేళ ముందే అనుకోండి

“వీలున్నప్పుడు” అనుకుంటే వీలు దొరకదు. ఎలాగూ రోజూ చేసే పనికి జత చేయండి: పాలు పితికాక, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించాక, షిఫ్టుకి బయల్దేరే ముందు. జూట్ మిల్లులాంటి చోట్ల షిఫ్టు మారుతుంటే గడియారం టైము పెట్టుకోకండి, “నిద్ర లేచిన వెంటనే” అని పెట్టుకోండి. మొదటి నెల పది నిమిషాలే. పదికి మించి చేయాలనిపిస్తే చేయండి గానీ, తీర్మానం మాత్రం పది మీదే ఉంచండి.

కుటుంబ ప్రార్థన పావుగంట దాటకూడదు. ఒక కీర్తన, ఐదారు వచనాలు, ఒక్కొక్కరూ ఒక్కో మాట, ప్రభువు నేర్పిన ప్రార్థన. నాన్న అరగంట ప్రసంగం మొదలుపెడితే పిల్లలు రెండోరోజు నుంచి హోమ్‌వర్కు ఉందంటారు. వచనాలు పిల్లల చేత చదివించండి. టీవీ ఆపాలి, సౌండ్ తగ్గించడం కాదు.

ఇంట్లో మీరొక్కరే విశ్వాసి అయితే అందరినీ కూర్చోబెట్టే ప్రయత్నం చేయకండి. మత్తయి 6వ అధ్యాయంలో గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు ప్రభువు, ఆ మాట మీ కోసమే. అత్తగారింట్లో పండుగ పనులు సంతోషంగా చేయండి, మనస్సాక్షి ఒప్పుకోనిదేదైనా ఉంటే గొడవ లేకుండా, ముందురోజే, మెల్లగా చెప్పండి. మొగుడు వేరావల్‌లో బోటు మీద ఉన్న మత్స్యకార కుటుంబాలు, బోటు ఒడ్డుకొచ్చి ఫోన్ కలిసిన రోజు ఆ ఫోన్‌లోనే ఒక కీర్తన చదివి ప్రార్థన చేసుకోవచ్చు.

ఉపవాసం ఉండేవాళ్లకి గట్టిగా చెబుతున్నాను. షుగరు, బీపీ మందులు వాడేవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరుని అడగకుండా ఉపవాసం చేయకండి. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నవాళ్లు తిండి, నీళ్ల లెక్క మార్చకూడదు, డయాలసిస్ రోజు ప్రార్థన కూటం కోసం మానకూడదు. ఆ రోజు ఫోను, టీవీ మానేయండి, అదీ ఉపవాసమే.

8. ఒక మనిషికి చెప్పండి

మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ 1755లో లండన్‌లో మొదటిసారి నిబంధన ఆరాధన జరిపినప్పుడు, దేవునికి ఇచ్చే మాట సంఘమంతా కలిసి ఇచ్చేది. మెథడిస్టు సంఘాల్లో ఏడాది మొదట్లో అది ఇప్పటికీ చేస్తారు. మీ సంఘంలో అలాంటిది లేకపోయినా ఒక్క మనిషి చాలు. మగవాళ్లకి మగవాళ్లు, ఆడవాళ్లకి ఆడవాళ్లు. స్త్రీల సమాజంలో మీ పక్కన కూర్చునే వదినైనా సరే. వారానికోసారి ఆమె అడగాల్సినవి మూడే: చదివావా, ప్రార్థన చేశావా, ఆ మనిషితో మాట్లాడావా. అబద్ధం చెప్పాలనిపిస్తే “ఈ వారం లేదు” అనండి. ఆమె తిట్టకూడదు, మీతో కలిసి ఒక నిమిషం ప్రార్థన చేయాలి, అంతే.

తీర్మానం రాయాల్సింది ఇప్పుడు. మూడు వాక్యాలకు మించకుండా నోట్‌బుక్కు చివరి పేజీలో రాసి, తేదీ వేసి, ఆ మనిషికి చూపించండి.

పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

ప్రార్థనలో కన్నీళ్లు వచ్చాయా లేదా అన్నది చూడకండి. అది నిద్రని బట్టి, ఒంట్లో ఆరోగ్యాన్ని బట్టి కూడా మారుతుంది. జనవరి 31న నోట్‌బుక్కు తీసి ఇవి చూడండి.

క్యాలెండరులో చదివిన రోజులకి టిక్కు పెట్టారు కదా, వారానికి నాలుగైనా ఉన్నాయా? ఉంటే లెక్క సరిపోయింది, పెంచకండి. రెండో మూడో ఉంటే మీ లెక్క పెద్దదైంది, సగానికి తగ్గించండి. మూడో మెట్టులో రాసిన పేరు దగ్గరికి వెళ్లారా? బాకీ ఒక్క కంతైనా కట్టారా? ప్రభు బల్ల సంస్కారంలో పాలుపొందే ముందు తన్ను తాను పరీక్షించుకోమని 1 కొరింథీయులకు 11వ అధ్యాయంలో ఉంది కాబట్టి, సంస్కారం ఇచ్చే ఆదివారం ముందురోజు రాత్రి ఈ ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకోండి.

తర్వాత గలతీయులకు 5వ అధ్యాయంలో ఆత్మ ఫలం గురించి రాసిన తొమ్మిది మాటలు తీసుకుని ఇంట్లో ఒకరిని అడగండి: “ఈ నెలలో నాలో ఇందులో ఏదైనా కనిపించిందా?” భర్తనో భార్యనో, కాస్త పెద్దపిల్లల్నో అడగాలి. సంఘంలో వాళ్లని కాదు, వాళ్లు మనల్ని ఆదివారం బట్టల్లో చూస్తారు. “కోపం కొంచెం తగ్గింది” అన్నారంటే ఎంత సంతోషమో అడిగి చూడండి. “ఏం లేదు” అంటే వాదించకండి, ఏది కష్టంగా ఉందో అడిగి రాసుకోండి.

రోజులు తప్పిపోతే

తప్పుతాయి. జ్వరం వస్తుంది, పెళ్లిళ్లు వస్తాయి, మార్చిలో పిల్లల పరీక్షలు. మూడు రోజులు ఆగిపోయిన మనిషి తొమ్మిది అధ్యాయాలు ఒక్క రాత్రి చదవాలని కూర్చుంటాడు, సగంలో వదిలేస్తాడు, ఇక ఆ పుస్తకం వైపు చూడాలంటేనే టెన్షన్. బాకీ చదవకండి. తప్పిన రోజుల గళ్లు ఖాళీగా వదిలి, ఈ రోజు భాగం దగ్గర మొదలుపెట్టండి. నీతిమంతుడు ఏడుమారులు పడినా తిరిగి లేస్తాడని సామెతలు 24వ అధ్యాయంలో ఉంది.

నెల మొత్తం పోతే ఒకటో మెట్టుకి వెళ్లి కొత్త పేజీ మీద నాలుగు గళ్లు గీయండి. అలా ఆగిపోవడానికి కారణం చాలాసార్లు రెండో గడిలోనో మూడో గడిలోనో దొరుకుతుంది, మళ్లీ ఎవరితోనో మాట పోయి ఉంటుంది. ముందు అది తేల్చుకుని, ఆ తర్వాత బైబిలు తెరవండి. ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల కాలం మొదలయ్యే బుధవారం ఎప్పుడొస్తుందో పాస్టర్ గారినో ఫాదర్ గారినో అడిగి క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. జనవరిలో నిలవనివాళ్లు ఆ నలభై రోజులకి ఇదే నోట్‌బుక్కుతో మొదలుపెట్టవచ్చు.